దారి ఇచ్చుటయు, దారి తీసికొనుటయు

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన, హుస్సేన్‌సాగరపు ఒడ్డున నిత్యము సిటీబస్సులును ఆటోలును తిరుగాడు ఎన్టీఆర్ మార్గమునకు ఇరువైపుల కాంక్రీటు గోడలు నిలిపి, వానిపై ఇనుప కంచెలు బిగించి, ఊరి నడుమనే పందెపు బాటను సిద్ధపరచిన ఆ దినమున, భారతదేశములో మొట్టమొదటిసారిగా జరిగిన ఫార్ములా-ఈ పందెమును చూచుటకు పోయిన జనములో నేనును ఒకడను. విద్యుత్తుతో నడచు ఆ కార్లు పెట్రోలు కార్లవలె చెవులు చిల్లులు పడునట్లు ఘోషింపవు. సన్నని ఈలవంటి ధ్వనితో వచ్చి, చూచునంతలో దాటిపోవును. కావున ప్రక్కవారి మాట చక్కగా వినబడుచుండెను. పందెము సగము కాకమునుపే, హెయిర్‌పిన్ మలుపు వద్ద, ఒకే జట్టుకు చెందిన రెండు జాగ్వార్ కార్లు ఢీకొనెను. లోపలివైపునుండి చొరబడిన సామ్ బర్డ్ కారు, తన జట్టువాడే యైన మిచ్ ఇవాన్స్ కారును కొట్టగా, ఇద్దరును పందెమునుండి తొలగవలసి వచ్చెను. ఆ దృశ్యమును తెరపై మరల మరల చూపుచుండగా, నా ప్రక్కన కంచె పట్టుకొని నిలిచియున్న కుర్రవాడొకడు, కాలేజీ విద్యార్థి కాబోలు, నావైపు తిరిగి, "ఇంతకూ గల్తీ ఎవరిది సార్?" అని అడిగెను.

బర్డ్‌దే అని నేను తడుముకొనక చెప్పితిని. "గట్లయితే ముందు పోయెటోడు ఊకెనే దారి ఇస్తడా సార్? ఇట్ల దూరకుంటె దాటేదెట్ల?" అని అతడు వెంటనే అడిగెను. దానికి నా యొద్ద సిద్ధమైన సమాధానము లేకపోయెను. అంతలో మరియొక కార్ల గుంపు వచ్చుటచేత ఇద్దరమును అటు తిరిగితిమి. ఆ ప్రశ్న మాత్రము నన్ను వదలలేదు. ఇప్పుడు వ్రాయుచున్నది ఆ కుర్రవానికి ఆలస్యముగా చెప్పుచున్న సమాధానమే యనుకొనవచ్చును.

సరళమార్గమున ఒక కారు మరియొక కారును దాటుటలో న్యాయాన్యాయముల ప్రసక్తి అంతగా లేదు. ముందు కారు గాలిని చీల్చుకొని పోవుచుండగా, దాని వెనుక ఒదిగియున్న కారునకు గాలి అడ్డు తగ్గును. అందువలన వేగము పుంజుకొని, అదను చూచి ప్రక్కకు వచ్చి, దాటిపోవును. తగవంతయు మలుపులోనే పుట్టును. మలుపు తిరుగు కారునకు ఏ దారిన పోయిన వేగము మిక్కిలి తక్కువగా తరుగునో ఆ దారిని రేసింగ్ లైను అందురు. అది బాట వెలుపలి అంచున మొదలై, మలుపు లోపలి అంచును ఒకచోట తాకి, మరల వెలుపలి అంచునకు విస్తరించు ఒక చాపరేఖ. లోపలి అంచును తాకు ఆ చోటునకు ఎపెక్సు అని పేరు. బాట ఎంత విశాలముగా నున్నను, ఆ రేఖపై ఒక్క కారునకే తావు కలదు. గంటకు మూడువందల కిలోమీటర్ల వేగముతో వచ్చిన ఫార్ములా వన్ కారు, మలుపునకు తగిన వేగమునకు దిగుటకై బ్రేకు త్రొక్కవలసిన దూరము నూరు మీటర్లకు అటునిటు, కాలము రెండు సెకండ్లకు అటునిటు. వెనుకవాడు ముందువానికంటె రెప్పపాటు ఆలస్యముగా బ్రేకు త్రొక్కి, లోపలివైపున ముక్కు దూర్చగలిగెనా, దాటుట సగము సిద్ధించినట్లే. దూర్చినవానికి దగ్గరి దారి దొరకును గాని వంపు బిగుతగును. బిగువైన వంపులో వేగమును ఆపుకొనలేక మలుపు చివర అతడు వెలుపలికి జారును. ఆ వెలుపలి తావుననే రెండవవాడు ఉండును. ఒకని కారు జారుచోట మరియొకని కారుండుట, దానిని ఇద్దరును ముందుగానే యెరిగియుండుట — ఓవర్‌టేకును గూర్చిన వ్యాజ్యములన్నియు ఇచ్చటనే మొలకెత్తుచున్నవి.

ఈ వ్యాజ్యము మోటారు కార్లతో పుట్టినది కాదు. హోమరు రచించిన ఇలియడ్ కావ్యము ఇరువది మూడవ సర్గములో, పట్రోక్లసుని అంత్యక్రియల సందర్భమున జరిగిన రథముల పందెమున, నెస్టరు కుమారుడు ఆంటిలోకసు, వాననీటికి కోసుకుపోయి ఇరుకైన దారిలో మెనెలౌసుని రథమును దాటజూచెను. అచ్చట రెండు రథములకు చోటు లేదు. మెనెలౌసు కేకలు వేసెను. ఆ యువకుడు విననట్లే గుర్రములను మరింత తోలెను. తుదకు రథములు రెండును ఒరసికొని బోల్తాపడునను భయముచేత మెనెలౌసే తన గుర్రములను నిలుపుకొనెను. పందెము ముగిసిన పిదప బహుమానముకొరకు ఆంటిలోకసు చేయి చాపినపుడు మెనెలౌసు సభామధ్యమున లేచి, నీ గుర్రములపై చేయివేసి, పొసైడను దేవుని సాక్షిగా, కపటముతో నా రథమును అడ్డగింపలేదని ప్రమాణము చేయుమనెను. ఆ యువకుడు ప్రమాణము చేయలేదు; తాను చిన్నవాడనని క్షమాపణ వేడి, గెలిచిన గుర్రమును ఇచ్చివేసెను. అంతట మెనెలౌసు కోపము చల్లారి, ఆ గుర్రమును అతనికే తిరిగి యిచ్చెను.

ఈ ఘట్టమున నేను పట్టుకొనదలచిన సూక్ష్మము ఒకటి కలదు. ఆంటిలోకసుని రథము మెనెలౌసుని రథమును తాకనే లేదు, ప్రమాదము జరుగలేదు, ఎవరికిని దెబ్బ తగులలేదు. ఐనను మెనెలౌసు తనకు అన్యాయము జరిగినదనెను, ఆంటిలోకసు దానిని ఒప్పుకొనెను. ఏలయన, ఆ ఎత్తు ఫలించుట రథికుని నేర్పుచేతనైనది కాదు, గుర్రముల బలముచేతనైనది కాదు. ఎదుటివాడు తప్పుకొనుటచేత మాత్రమే ఫలించినది. ఎదుటివాడు కూడ అంతటి మొండివాడే యైనచో ఇద్దరును ఆ గోతిలో పడియుందురు. న్యాయమైన ఓవర్‌టేకునకు నేను పెట్టుకొన్న గురుతు ఇదియే: ముందువాడు తన పని తాను చేసికొనుచున్నను, భయపడి చేయి వెనుకకు తీయకున్నను, దాటుట సాధ్యమగునా? అగునేని అది విద్య. కాదేని, అది ఎదుటివాని వివేకమును అతనిపైననే ప్రయోగించుట. ఎదుటివానికి ఉన్న బుద్ధిని పెట్టుబడిగా పెట్టుకొని గెలుచువాడు, ఎంతటి చాలకుడైనను, అరువు తెచ్చుకొన్న దానితో గెలిచినట్లే నాకు తోచును.

ఈ గురుతును పెట్టి చూడదగిన ఉదంతము, మోటారు పందెములను ఎరిగిన వారెల్లరును నేటికిని వాదులాడుకొనునది, 1989 అక్టోబరు 22వ తేదీన జపానులోని సుజుకాలో జరిగినది. ఆ యేటి ప్రపంచ విజేత పదవికి పోటీపడుచున్న ఇద్దరు, ఫ్రెంచివాడైన అలేన్ ప్రోస్టును, బ్రెజిలువాడైన ఏర్టన్ సెన్నాయును, ఒకే మెక్‌లారెన్ జట్టువారు. ఒకరితో నొకరు మాటలాడని జట్టువారు. సెన్నా మిగిలిన రెండు పందెములను గెలిచినగాని పదవి అతనికి దక్కదు. ప్రోస్టునకు అంతటి అక్కర లేదు. అంతకుమునుపు సెన్నా దూసికొనివచ్చిన ప్రతిసారియు తాను తప్పుకొని ప్రమాదము తప్పించితిననియు, ఇకమీదట దారి వదలననియు ప్రోస్టు ముందుగానే చెప్పియుండెను. ఏబది మూడు చుట్ల ఆ పందెమున ప్రోస్టు ఆరంభమునందే ముందునకు పోయెను. నలుబది ఏడవ చుట్టులో, అతివేగమైన ఎడమ వంపు దాటిన వెంటనే వచ్చు చికేన్ వద్ద — వేగమును తగ్గించుటకై కుడికిని ఎడమకును ఇరుకుగా త్రిప్పి కట్టిన జంట మలుపు అది — సెన్నా చాల దూరమునుండి కుడివైపున దూరెను. ప్రోస్టు కుడికి వంగెను. రెండు కార్లును చక్రములు పెనవేసికొని, నెమ్మదిగా, దాదాపు మర్యాదగా ననదగినట్లు, మలుపు తిరుగక నేరుగా జారిపోయి, ప్రక్కదారి మొగలో నిలిచిపోయెను.

తరువాతి క్షణములు చూడదగినవి. ప్రోస్టు బెల్టులు విప్పుకొని దిగిపోయెను. పని ముగిసినదని అతడు తలచెను. సెన్నా చేతులూపుచు బాటసిబ్బందిని పిలిచి కారును త్రోయించుకొనెను, ఇంజను అందుకొనెను, ప్రక్కదారిగుండ బాటపైకి వచ్చి, విరిగిన ముక్కును పిట్‌లో మార్పించుకొని, ముందు పోవుచున్న నన్నీనిని అదే చికేన్ వద్ద దాటి, అందరికంటె ముందుగా గీత చేరెను. ఐనను అతడు బహుమాన వేదిక ఎక్కలేదు. చికేన్ తిరుగక ప్రక్కదారిన బాటపైకి వచ్చినందుకు అతనిని అనర్హునిగా ప్రకటించిరి, అప్పీలు త్రోసివేయబడెను, పైగా లక్ష డాలర్ల జుల్మానాయును, ఆరు నెలల నిషేధమును విధించి, ఆ నిషేధమును నిలిపియుంచిరి. ప్రోస్టు ప్రపంచ విజేత యయ్యెను.

ఈ తీర్పును నేను ఎన్నిమార్లు తలచుకొన్నను ఒకటే విస్మయము. ఢీకొనుటలో తప్పెవ్వరిదను మూలప్రశ్నను న్యాయనిర్ణేతలు ముట్టుకొననే లేదు. హత్యావ్యాజ్యమున, ముద్దాయి అడ్డదారిన ఇంటికి పోయెనా లేదా అని విచారించి విడిచినట్లున్నది. హెలికాప్టరునుండి తీసిన చిత్రమును చూచినవారికి, ప్రోస్టు ఆ మలుపునకు అలవాటైన చోటుకంటె ముందే లోనికి వంగినట్లు తోచును. సెన్నా దూరిన దూరమును చూచినవారికి, ముందువాడు తప్పుకొన్నగాని అది ఫలించెడిది కాదని తోచును. నాకు రెండును నిజముగనే కనబడుచున్నవి. సెన్నా అప్పు అడిగెను. ఎన్నిమారులో ఇచ్చిన ప్రోస్టు ఆ దినమున ఇయ్యనని తలుపు వేసెను. వేయుటలో కొంత తొందరపడెను. అప్పు అడుగుట అన్యాయమైనపుడు, ఇయ్యకపోవుట నేరము కాదు. కాని తలుపుసందున చేయి నలుగునట్లు వేయుట వేరు. ఆ రెంటికి నడుమనున్న కొలది అడుగుల దూరమును తేల్చవలసిన వారు తేల్చలేదు.

తేల్చనందుకు ఫలితము మరుసటి యేడాది అదేచోట కనబడినది. 1990 అక్టోబరు 21వ తేదీన పోల్ పొజిషన్ సంపాదించిన సెన్నాకు, కార్లు ఎక్కువగా నడువని, ధూళి పేరుకొనిన కుడిప్రక్క తావు దక్కెను. దానిని మార్పుమనిన అతని మనవి చెల్లలేదు. ఇపుడు ఫెరారీ జట్టున చేరియున్న ప్రోస్టు శుభ్రమైన ప్రక్కనుండి ముందునకు దూకెను. మొదటి మలుపు వచ్చునంతలో సెన్నా వేగము తగ్గింపక అతని కారును వెనుకనుండి కొట్టెను. ఇద్దరును ఇసుకలో పడిరి. పాయింట్లలో ముందున్న సెన్నా ప్రపంచ విజేత యయ్యెను. నిర్ణేతలు ఏ చర్యయు తీసికొనలేదు. అది బుద్ధిపూర్వకముగా చేసినదేనని మరుసటి యేట సెన్నాయే ఒప్పుకొనెను. అతనిపై నాకు గల అభిమానము చిన్నది కాదు. వానలో అతడు కారు నడపిన తీరును తలచుకొనిన నేటికిని ఒడలు పులకరించును. ఐనను ఈ పనిని నేను క్షమింపలేను. ఆంటిలోకసు కనీసము ఎదుటివాడు ఆగునని నమ్మెను. సెన్నా ఆ దినమున ఆగినను ఆగకున్నను ఒకటే యనుకొనెను.

కొలది దినములకు ఆస్ట్రేలియాలో, మూడుసార్లు ప్రపంచ విజేత యైన జాకీ స్టూవర్టు సెన్నాను టెలివిజనుకొరకు ప్రశ్నించుచు, పూర్వపు విజేతలందరును కలిసి ఢీకొనినదానికంటె నీవొక్కడవే ఎక్కువసార్లు ఢీకొంటివేమని నిలదీసెను. సందు కనబడినపుడు దూరనివాడు పందెగాడే కాడని సెన్నా ఉద్రేకముతో బదులు చెప్పెను. ఆ మాట ఈనాటికి కుర్రకారు నోట మంత్రమువలె చెల్లుచున్నది. హుస్సేన్‌సాగరపు ఒడ్డున నన్నడిగిన కుర్రవాని ప్రశ్నలో వినబడినదియు అదియే. కాని సందు అనునది గోడలోని బెజ్జమువలె నిలిచియుండు వస్తువు కాదు. మలుపు తిరుగుచున్న కారునకును బాట అంచునకును నడుమనున్న ఆ తెరపి, ఆ కారు తన సహజమైన దారిన పోవుచున్నంతసేపు అంతకంతకు మూసికొనుచునే యుండును. చూచినపుడు ఉన్న సందు, చేరునప్పటికి ఉండునా అని లెక్కవేయుటయే దాటువాని విద్య. సెన్నాకు ఆ లెక్క తెలియకపోలేదు. ఎవరికిని అంతకంటె బాగుగా తెలియదు.

ఈ తగవులను తీర్చు పెద్దలను స్టీవార్డులందురు. ఫార్ములా వన్ పందెమునకు సాధారణముగా నలుగురుందురు. 2010నుండి వారిలో ఒకరు మాజీ డ్రైవరై యుండవలెనను ఏర్పాటు వచ్చినది. ఆ కొత్తలోనే, మొనాకో పందెము చివరి మలుపున మైకేల్ షూమాకర్ అలాన్సోను దాటుట చెల్లునా చెల్లదా యను విచారణ వచ్చినపుడు, ఆ పీఠముపై కూర్చుండిన మాజీ డ్రైవరు డేమన్ హిల్. పదునారేండ్లకు పూర్వము, 1994లో అడిలైడులో, తన కారు గోడను గీసికొనిన పిదప షూమాకర్ మరలివచ్చి ఢీకొట్టగా, ఒక్క పాయింటుతో ప్రపంచ పదవిని పోగొట్టుకొన్నవాడు ఈ హిల్లే. అప్పటి నిర్ణేతలు షూమాకర్‌కు ఏ శిక్షయు వేయలేదు. మొనాకోలో మాత్రము ఇరువది సెకండ్ల శిక్ష పడినది. ఆ తీర్పులో నిష్పాక్షికత లోపించెనని నేననుటలేదు. మునుపు తననే దెబ్బకొట్టినవానిని విచారింప కూర్చుండిన ఆ మనుష్యుని పాటు తలచుకొనిన మాత్రము మనసు కలుక్కుమనును.

నాలుగు కెమేరాలుండిన కాలమునకును, కారు ముక్కుపైనను తలపైనను కెమేరాలుండి, బ్రేకు త్రొక్కిన క్షణమును, స్టీరింగు త్రిప్పిన కోణమును రేఖాచిత్రమై తెరపై కనబడు ఈ కాలమునకును తేడా చాల ఉన్నది. 1997లో హెరెస్ పట్టణమున, చివరి పందెములో షూమాకర్ మరల అదే పని జాక్ విల్నెవ్‌కు చేయబోయి, తానే కంకరలో చిక్కుకొనెను. ఆనాటి స్టీవార్డులు దానిని పందెములో సహజముగా జరుగు సంఘటనగానే వదలిరి. కాని కారులోని కెమేరాలో స్టీరింగు ఎటు తిరిగినదో లోకమంతయు చూచినది. అంతర్జాతీయ సమాఖ్య యైన ఎఫ్.ఐ.ఏ. నవంబరులో విచారణ జరిపి, ఆ యేటి పట్టికలో షూమాకర్‌కు దక్కిన ద్వితీయస్థానమును కొట్టివేసెను.

నేటి సూత్రములు చాలవరకు కొలతలతో కూడినవి. దారిని కాచుకొనువాడు ఒక్కసారియే ప్రక్కకు జరుగవచ్చును. బ్రేకు త్రొక్కుచు దారి మార్చరాదు. మరల రేసింగ్ లైనుకు వచ్చునపుడు ప్రక్కవానికి ఒక కారు వెడల్పు వదలవలెను. లోపలివైపునుండి దాటువాడు, ఎపెక్సునకు ముందును ఎపెక్సువద్దను, తన ముందు చక్రముల ఇరుసును ఎదుటి కారు అద్దమునకు సమముగానైనను తెచ్చియుండవలెను; ప్రవేశమునుండి కారు పూర్తిగా అదుపులో నుండవలెను; బాట దాటకుండ మలుపు తిరుగగలుగవలెను. వెలుపలినుండి దాటువాడు ఎపెక్సువద్ద ఎదుటివాని ముందిరుసుకంటె తన ముందిరుసును ముందునకు తెచ్చియుండవలెను. 2025 జూన్ మాసమున ఎఫ్.ఐ.ఏ. బహిరంగపరచిన మార్గదర్శకములలోని సారాంశమిది. ఇవి శాసనములు కావనియు, తీర్పరులకు ఆసరాలు మాత్రమేననియు అందే వ్రాసియున్నది. తప్పినవారికి అయిదు సెకండ్లో పది సెకండ్లో శిక్ష పడును. లైసెన్సుపై పాయింట్లు చేరును. పన్నెండు మాసములలో పన్నెండు పాయింట్లు చేరినచో ఒక పందెమునకు నిషేధము. 2024లో ఆ విధముగా నిషేధింపబడిన మొదటివాడు మాగ్నుసెన్.

కొలత వచ్చినంతనే కొలతతో ఆడువారును వత్తురు. 2024 అక్టోబరు 20వ తేదీన, అమెరికాలోని ఆస్టిన్‌లో, పొడుగాటి సరళమార్గము చివర పండ్రెండవ మలుపువద్ద, లాండో నోరిస్ వెలుపలినుండి మాక్స్ వెర్‌స్టాపెన్‌ను దాటబోయెను. వెర్‌స్టాపెన్ లోపలివైపున మిక్కిలి ఆలస్యముగా బ్రేకు త్రొక్కి, ఎపెక్సునకు ముందుగా చేరెను; చేరెను గాని అంతటి వేగముతో మలుపు తిరుగలేక తానును బాట దాటెను, నోరిస్‌ను కూడ బయటకు నెట్టెను. బాట వెలుపలనుండి దాటినందుకు నోరిస్‌కు అయిదు సెకండ్ల శిక్ష పడి, మూడవస్థానము వెర్‌స్టాపెన్‌కు పోయెను. బ్రేకు త్రొక్కువేళకే తమవాడు ముందుండెను గనుక దారిని కాచుకొనువాడు అతడే యని మెక్‌లారెన్ జట్టు పునర్విచారణ కోరినను ఫలింపలేదు. సూత్రమును అక్షరశః చదివినచో తీర్పు తప్పు కాకపోవచ్చును. నా గురుతును పెట్టి చూచినచో మాత్రము, అచ్చట కారును అదుపులో నుంచుకొని మలుపు తిరుగదలచినవాడు ఒక్క నోరిస్సే. ఎపెక్సునకు ముందు చేరినవానిదే మలుపు అనినపుడు, మలుపు తిరుగనక్కరలేనివాడు ఎప్పుడును ముందే చేరును! మరుసటి వారమే మెక్సికో నగరమున అదే ఇద్దరి నడుమ రెండు మలుపులలో అటువంటి సంఘటనలే జరుగగా, స్టీవార్డులు వెర్‌స్టాపెన్‌కు రెండుమార్లు పదేసి సెకండ్లు విధించిరి. ఆ తీర్పు నాకు ఊరట కలిగించినది.

ఇందు మరియొక చిక్కు కలదు. శిక్షను పనిని బట్టి వేయవలయునా, ఫలితమును బట్టి వేయవలయునా? 2021లో సిల్వర్‌స్టోన్‌లో, కాప్స్ అను అతివేగపు మలుపున, లోపలివైపున వచ్చిన హామిల్టన్ కారు ముందు చక్రము వెర్‌స్టాపెన్ వెనుక చక్రమునకు తగులగా, వెర్‌స్టాపెన్ భూమ్యాకర్షణకు ఏబదియొక్క రెట్లు బలముతో గోడను కొట్టుకొని ఆసుపత్రి పాలయ్యెను. తప్పు ముఖ్యముగా హామిల్టన్‌దని స్టీవార్డులు తేల్చి పది సెకండ్లు వేసిరి. అతడు ఆ శిక్షను అనుభవించి కూడ పందెము గెలిచెను. ఒకడు ఆసుపత్రిలో, ఒకడు వేదికపై నుండుట చూచి ఎందరో మండిపడిరి. నేను మాత్రము స్టీవార్డుల పక్షమే. అదే తాకిడికి వెర్‌స్టాపెన్ కారు గిరగిర తిరిగి మరల బాటనెక్కియున్న, హామిల్టన్ చేసిన పని మారెడిదా? గోడ ఎంత దూరముననున్నదో దానిని బట్టి నేరమును కొలుచుట న్యాయము కాదు.

విజయవాడ రహదారిపై రాత్రివేళ కారులో పోవువారికి అనుభవమే. ముందు పోవుచున్న లారీ వెనుకభాగము తప్ప ఏమియు కనబడదు. ఎదుట ఏమి వచ్చుచున్నదో తెలియదు. అంతలో లారీ కిటికీనుండి ఒక చేయి బయటకు వచ్చి, అరచేయి ముందునకు ఊపి, పొమ్మనును. ముఖము చూడము, పేరు ఎరుగము. ఐనను ఆ చేతిని నమ్మి, ప్రాణములను ఆ చేతిలో పెట్టి దాటుదుము. పందెపు బాటలో ఎవరును చేయి ఊపరు. కాని అటువంటి ఒప్పందమొకటి అచ్చటను ఉన్నదని నా నమ్మకము. 1979 జూలై 1వ తేదీన, ఫ్రాన్సులోని డిజోన్‌లో, ఫెరారీ నడపిన జీల్ విల్నెవ్‌ను, రెనో నడపిన రెనె ఆర్నూయును రెండవస్థానముకొరకు చివరి చుట్లలో పోరాడిరి. జబూయ్ అను మరియొక డ్రైవరు చాల ముందుగా పోయి పందెము గెలుచుచుండెను. ఫార్ములా వన్‌లో టర్బో ఇంజనుకు అది మొదటి గెలుపు. కాని జనులు దానిని మరచి వీరిద్దరినే చూచిరి. చక్రమునకు చక్రము కొట్టుకొనుచు, ఒకరు బాట దిగి, మరల ఎక్కి, దాటి, దాటబడి, అసంఖ్యాకముగా ఒరసికొనిరి. కాని ఒక్కసారియైనను ఒకడు మరియొకనికి నిలువ నీడ లేకుండ చేయలేదు. నలుగుచున్నవానికి నాలుగంగుళములైనను వదలుచునే యుండిరి. గీత చేరునప్పటికి విల్నెవ్ పావు సెకండునకు లోపుగా ముందుండెను. ఇద్దరును దిగి కౌగిలించుకొనిరి. కొందరు పెద్ద డ్రైవర్లు తరువాత వారిని మందలించిరట. ఎదుటివాడు వివేకవంతుడని ఇద్దరును ఎరిగియుండుటచేత మాత్రమే అది సాగెనని ఆ పెద్దలకు తెలియకపోదు. అట్టి ఎరుక అందరికిని ఉండదనియే వారి భయము కాబోలు.

ఆ విల్నెవ్ 1982 మే 8వ తేదీన, బెల్జియములోని జోల్డర్‌లో, అర్హతా పరుగునందు మరణించెను. ముందు నెమ్మదిగా పోవుచున్న యోకెన్ మాస్, వెనుక వేగముగా వచ్చుచున్న కారును చూచి, దారి ఇయ్యదలచి కుడికి జరిగెను. దాటదలచిన విల్నెవ్ కూడ ఆ క్షణముననే కుడిని ఎన్నుకొనెను. అందు అన్యాయము లేదు, పంతము లేదు, పందెము కూడ లేదు. ఒకడు దారి ఇచ్చుచుండెను, ఒకడు తీసికొనుచుండెను. ఇచ్చిన ప్రక్కయు, తీసికొన్న ప్రక్కయు ఒక్కటే యైనది.

నేను మిక్కిలి ఇష్టపడు ఓవర్‌టేకు బెల్జియములోనిదే. 2000వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన, స్పా అడవులలో, ఉదయపు వానకు తడిసి నెమ్మదిగా ఆరుచున్న బాటపై, తన పొరపాటున కారు గిరగిర తిరుగగా ముందుచోటు పోగొట్టుకొన్న ఫిన్లండువాడు మీకా హక్కినెన్, షూమాకర్‌ను వెంటాడుచుండెను. నలుబదియవ చుట్టులో, ఎత్తునకు ఎక్కు పొడుగాటి కెమెల్ సరళమార్గమున, హక్కినెన్ కుడిప్రక్కకు రాగా, షూమాకర్ అతనిపైకి ఒరిగెను. మూడువందల కిలోమీటర్లకు మించిన వేగము, కుడివైపున తడి. హక్కినెన్ వేగము తగ్గించుకొని వెనుకకు వచ్చెను. మెనెలౌసు చేసిన పనియే అది. ఆ మరుసటి చుట్టులోనే, అదే సరళమార్గమున, ఒక చుట్టు వెనుకబడిన రికార్డో జొంటా బాట నడుమ పోవుచుండెను. షూమాకర్ అతనికి ఎడమవైపున పోయెను. హక్కినెన్ కుడివైపున, పచ్చికకును జొంటా చక్రములకును నడుమనున్న తడి తావున పోయెను. జొంటా అటుగాని ఇటుగాని వీసమైనను కదలక, తన గీతపై తాను పోవుచుండుటయే ఆ దినమున అతడు చేసిన మహోపకారము. ముగ్గురును ఒక్క క్షణము సమముగా నుండిరి. మలుపు లోపలిప్రక్క హక్కినెన్‌ది. షూమాకర్ తన దారిన తాను బ్రేకు త్రొక్కి, అతనికి కావలసినంత చోటు వదలి వెనుక నిలిచెను. ఎవరును తప్పుకొనలేదు, ఎవరికిని తప్పుకొనవలసిన అక్కర రాలేదు.

పందెము ముగిసి కార్లు నిలిచిన పిదప, హక్కినెన్ శిరస్త్రాణము తీసి, షూమాకర్ యొద్దకు నడచివచ్చెను. మునుపటి చుట్టులో జరిగినది అతడు మరువలేదు. కేకలు లేవు. రెండు అరచేతులను రెండు కార్లుగా చాచి, ఒకదానిని రెండవదానిపైకి ఒరగించి చూపుచు, మెల్లగా ఏదియో చెప్పెను. షూమాకర్ ఆ చేతులవంక చూచుచు వినెను.